లేదనడానికి వంద గళ్ళు

లింగంపల్లి,
14 జూన్ 2025

పుణ్యవతత్తయ్యకి,

ఉత్తరం చూడగానే ఎవరికో ఏదో అయిందని కంగారుపడకు. అందరం బాగానే ఉన్నాం. నీ చెవి మిషను ఫోను దగ్గరికి తెస్తే కూస్తుంది. వాట్సాప్ చూస్తే, "పొద్దున్నే పూలబొమ్మలు పంపేవాళ్ళతో నాకేం పని" అని నువ్వే తీసేశావు. ప్రగతి నగర్ రావాలంటే నేను ఒక శనివారం మొత్తాన్ని ట్రాఫిక్‌కి ధారపొయ్యాలి. ఇక మన మధ్య మిగిలింది తపాలాశాఖే.

నాకు కొత్త ఉద్యోగం వచ్చింది. హైటెక్ సిటీలో, పదకొండో అంతస్తు. ఆటలు తయారుచేసే కంపెనీ. ఆటలనగానే నాన్నలాగా మొహం పెట్టకు, ఇది జనంచేత పరిశోధన చేయించే ఆట. పేరు చుక్కల వేట. మన్యంలో జ్వరాలొచ్చినవాళ్ళ రక్తపు స్లైడులు పాతవి కొన్ని వేలు భద్రపరిచి ఉంటే, వాటిని ఫోటోలు తీసి ఆటలో పెట్టాం. ఒక్కో స్లైడు వంద గళ్ళుగా ఉంటుంది. వేలితో జరుపుకుంటూ చూసి, మలేరియా పురుగు కనబడితే "ఉంది", లేకపోతే "లేదు" నొక్కాలి. ఒక్కో స్లైడుని యాభైమంది చూస్తారు. ఎక్కువమంది ఏదంటే అదే జవాబు. ఆ జవాబులన్నీ కంప్యూటరుకి నేర్పిస్తే, రేపు ల్యాబ్ టెక్నీషియన్ లేని ఆస్పత్రుల్లో స్లైడులు అదే చదివేస్తుంది. డాక్టర్ జ్యోత్స్న అని ఒకావిడ ఈ పరిశోధన నడుపుతున్నారు. పని ఆవిడది, ఆట మాది.

ఆడేది చుట్టుపక్కల ఐటీ కంపెనీల వాళ్ళు. వాళ్ళకి ఏడాదికి నలభై గంటల సమాజసేవ ఉంటుంది. స్వచ్ఛందమే, కాని చెయ్యకపోతే అప్రైజల్లో తెలుస్తుంది. మొక్కలు నాటడానికి వెళితే షూలు పాడవుతున్నాయట. ఇదైతే ఏసీలో కూర్చుని చేసే సేవ.

మా మేనేజర్ ప్రశాంత్ తలా పాతికమంది ఆటగాళ్ళని తెమ్మన్నాడు. నాది ఇంకా ప్రొబేషనే. అక్టోబరులో పర్మనెంటు చేస్తారో లేదో ఈ ఆటమీదే ఆధారపడి ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళు మైక్రోస్కోపులో కన్నుపెట్టి కూర్చున్నదానివి, నీకంటే బాగా ఆడేవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరున్నారు? మీ అపార్ట్‌మెంట్లో నూట నలభై ఫ్లాట్లున్నాయి. నలుగురికీ చెప్పు. మామిడికాయ పప్పు తినడానికి తప్పకుండా వస్తాను.

నీ మేనకోడలు
ఉమాశ్రీ


ప్రగతి నగర్,
25 జూన్

చి. ఉమకి దీవెనలు.

పోస్ట్‌మాన్ నాకేదో కోర్టు నోటీసు వచ్చిందనుకుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి మరీ నీ కవరు చేతికిచ్చాడు. ఈ రోజుల్లో ఉత్తరం వస్తే పరువు పోతుందని తెలిసింది.

ఆట దించుకున్నాను. ముందు ఒక దోమ వచ్చి డాన్సు చేసింది. నా సర్వీసులో నేను చూసిన దోమలేవీ అంత సంతోషంగా లేవు. పోనీలే పాపం అనుకున్నాను. తర్వాత స్లైడు తెరుచుకుంది.

అబద్ధమెందుకు, కుర్చీ ముందుకి లాక్కున్నాను. రిటైరై ఆరేళ్ళయింది గదా. ఆ లేత ఊదారంగు, చెల్లాచెదురుగా కణాలు, ఒకదాంట్లో సన్నటి నీలం ఉంగరంలా పురుగు, దానికి ఎర్రరాయి. "ఇక్కడున్నావటే" అన్నాను పైకే. మా వాచ్‌మన్ భార్య యాదమ్మ అప్పుడే ఇల్లు ఊడుస్తోంది. "నేను గీడనే ఉన్న గదమ్మా" అంది. దానికీ చూపించాను. చిన్నప్పుడు దానికి రెండుసార్లు వచ్చిందట ఈ జ్వరం. "గింత ముద్దుగుంటదా ముండ" అని బుగ్గలు నొక్కుకుంది.

ఇక నీ ఆటమీద నా ఫిర్యాదు. ముప్పై సెకన్లలోపు చెబితే బోనస్ అట. ఉమా, ఉంది అనడానికి ఒక్క గడి చాలు, కనబడిందంటే ఉన్నట్టే. లేదు అనాలంటే మాత్రం వంద గళ్ళూ చూడాలి. ట్రైనింగులో మొదటిరోజు నాకు చెప్పింది ఇదే, రిటైరయ్యే రోజు నా తర్వాత వచ్చిన కుర్రాడికి నేను చెప్పిందీ ఇదే. వంద గళ్ళు చూడడానికి నాకు ఆరు నిమిషాలు పడుతుంది. మీ దోమేమో అరనిమిషానికే ఏడుపుమొహం పెడుతోంది.

ఒకటి మాత్రం బాగుంది. ప్రతి పదో స్లైడూ డాక్టర్లు ముందే చూసి జవాబు రాసిపెట్టినదట. దాంట్లో తప్పు చెబితే మార్కులు పోతాయి. అది పెట్టినవాళ్ళెవరో గాని బుద్ధిమంతులు.

నువ్వు చెప్పినట్టే క్లబ్‌హౌస్‌లో నలుగురికీ చెప్పాను. సీతారామాంజనేయులుగారని మా రెండో బ్లాకులో ఉన్నారు, ఇరవై ఎనిమిదేళ్ళు ఎంసెట్ కోచింగులో ఫిజిక్సు చెప్పి మానేశారు. అంతా విని ఆయన రెండే ప్రశ్నలడిగారు. "సిలబస్ ఏమిటండి? నెగటివ్ మార్కింగ్ ఉందాండి?"

మీ మావయ్య కూడా మొదలుపెట్టారు. కరెంటాఫీసులో ముప్పైనాలుగేళ్ళు చేసిన మనిషి, రక్తపుచుక్క చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఆయన ఎలా ఆడుతున్నారో చూడాలి.

మీ అత్తయ్య
పుణ్యవతి


లింగంపల్లి,
19 జూలై

అత్తయ్యా,

మీ అపార్ట్‌మెంటు నా పరువు నిలబెట్టింది. పాతికమందిని తెమ్మంటే మూడువందల పదకొండుమంది వచ్చారు. ప్రశాంత్ నన్ను అందరిముందూ నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. మీవాళ్ళని చూసి నిజాంపేట వాళ్ళు, వాళ్ళని చూసి మూసాపేట వాళ్ళు మొదలుపెట్టారు. ఇంతమంది రక్తం చూడటానికి ఎగబడటం డాక్టర్ జ్యోత్స్న ఎన్నడూ చూడలేదట.

ఏకాభిప్రాయం తొంభై ఎనిమిది శాతానికి వచ్చింది. అంటే వందమందిలో తొంభై ఎనిమిదిమంది ఒకే జవాబు చెబుతున్నారు. మన దేశంలో ఏ విషయంమీదా ఇంత ఏకాభిప్రాయం ఎప్పుడూ కుదరలేదని ప్రశాంత్ ఉబ్బితబ్బిబ్బవుతున్నాడు.

నీకో చిన్నమాట. ఏమీ అనుకోకు. మీ అపార్ట్‌మెంటు జాబితా చూశాను. మావయ్యది పన్నెండో ర్యాంకు. నీది మూడువందల పదకొండు. మిగతావాళ్ళతో కలవడం, వేగం చూసి ఆట వేసే నీ నమ్మకశాతం ముప్పైనాలుగని చూపిస్తోంది. నీ కళ్ళజోడు నంబరు ఏమైనా మారిందేమో ఒకసారి చూపించుకోకూడదూ? కొంచెం త్వరగా నొక్కితే స్కోరు దానంతటదే పెరుగుతుంది. నా మాట కాదు, ఆటలోనే అలా రాసి ఉంటుంది.

పప్పు బాకీ గుర్తుంది. ఈ నెల కుదరదు.

ఉమ


ప్రగతి నగర్,
3 ఆగస్టు

ఉమా,

కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. శుక్లాల ఆపరేషను చేసిన కన్ను పాతికేళ్ళ పిల్ల కన్నులా ఉందన్నాడు. ఆ కాగితం దీంతో పెట్టాను, మీ పదకొండో అంతస్తులో ఎక్కడైనా అంటించుకోండి.

ఇప్పుడు నా కళ్ళకి కనబడుతున్నది చెబుతాను విను. మా క్లబ్‌హౌస్‌లో పొద్దున్న ఆరింటికి కోచింగ్. సీతారామాంజనేయులుగారు తెల్లబోర్డు కొనుక్కొచ్చారు. వెయ్యి స్లైడుల సరళి లెక్కగట్టి, నూటికి ఎనభైమూడు "లేదు" అని తేల్చారు. కనుక అనుమానం ఉంటే "లేదు" పెట్టాలి. అనుమానం లేకపోతే మరీ మంచిది, వెంటనే "లేదు" పెట్టొచ్చు. టైము మిగులుతుంది, బోనస్ వస్తుంది. నేను చెయ్యెత్తి, "మరి స్లైడులో ఉంటేనో" అన్నాను. ఆయన నావంక జాలిగా చూశారు. "జవాబు స్లైడులో ఉండదండి పుణ్యవతిగారూ, పక్కవాడి మనసులో ఉంటుంది." క్లాసంతా రాసుకున్నారు. మీ మావయ్య అండర్‌లైన్ కూడా చేసుకున్నారు.

గేటుకి ఫ్లెక్సీ కట్టారు. మధ్యలో ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డ ఫోటో, చుట్టూ ర్యాంకర్ల ఫోటోలు. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు. అన్ని ఒకట్లు ఎలా వచ్చాయని అడగకు, ఆ విద్య ఆయనకే తెలుసు. మా ఫ్లాట్ 304 అని రాసిన ఫోటోలో మావయ్య మొహం వెలిగిపోతోంది. ఇంట్లో మాత్రం నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నారు. "నీవల్ల మన ఫ్లాటు యావరేజి పడిపోతోంది" అన్నారు నిన్న, సాంబారు పోస్తుంటే.

అసలు ఎవరి సేవ ఎవరు చేస్తున్నారో చెప్పనా? కంపెనీలో నలభై గంటల సేవ కొడుకులకి. కొడుకులు ఫోను అమ్మలకిచ్చి ఆఫీసుకి పోతున్నారు. అమ్మలు పూజలోనో పోపులోనో ఉంటే యాదమ్మకిస్తున్నారు. మొన్న అది పూలబుట్టలో పదకొండు ఫోన్లు పెట్టుకుని మెట్లమీద కూర్చుంది. నావైపు ఒక ఫోను తిప్పి అడిగింది: "అమ్మా, గిది ఉంగరమే గదా? అన్నిట్ల లేదని నొక్కుమన్నడు సారు. ఉన్నదాన్ని లేదని ఎట్ల నొక్కాలె?"

 నా జవాబుకోసం అది ఆగలేదు. ఉన్నచోటల్లా "ఉంది" నొక్కి ఫోన్లు తిరిగిచ్చేసింది. సాయంత్రానికి నాలుగో అంతస్తు ఆవిడ మూడో ర్యాంకునుంచి రెండొందల నలభైకి పడిపోయింది. యాదమ్మని అందరిముందూ నిలబెట్టి కడిగేశారు.

ఇప్పుడు నేను అడిగేదానికి సూటిగా జవాబు రాయి. డాక్టర్లు ముందే చూసిపెట్టిన పదో స్లైడు జూలై మొదటివారంనుంచి రావడంలేదు. అది ఉన్నంతకాలం వీళ్ళ ఆటలు సాగలేదు. దాన్ని ఎవరు తీశారు?

అత్తయ్య


లింగంపల్లి,
30 ఆగస్టు

అత్తయ్యకి,

ఆలస్యానికి సారీ. నీ ఫీడ్‌బ్యాక్‌కి థాంక్స్. టీమ్‌తో షేర్ చేశాను.

డాక్టర్ల స్లైడుల విషయం ప్రోడక్ట్ డెసిషన్. నెగటివ్ మార్కింగ్‌వల్ల ఆటగాళ్ళు నిరుత్సాహపడి వెళ్ళిపోతున్నారు. నాలుగు రోజుల్లో మూడువేల ఒంటి స్టార్ రివ్యూలు వచ్చాయి. "అవుటాఫ్ సిలబస్" అని రాశారు. రెసిడెంట్స్ అసోసియేషన్ల నుంచి వినతిపత్రాలు వచ్చాయి, మీ అపార్ట్‌మెంటు లెటర్‌హెడ్‌మీద కూడా ఒకటి. అందుకని తాత్కాలికంగా తీయడం జరిగింది. ఎవరు తీశారన్నది ముఖ్యం కాదు.

ఇక్కడ వాతావరణం చాలా పాజిటివ్‌గా ఉంది. మొన్న మీటింగులో ప్రశాంత్ ఒక గ్రాఫ్ చూపించాడు. జూన్‌లో నూటికి పదిహేడు స్లైడుల్లో మలేరియా ఉంది. ఆగస్టుకి రెండే. గీత కిందికి జారుతుంటే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. స్లైడులు పాతవే గదా, వాటిలో రోగం ఎలా తగ్గిందని నాకొక్క క్షణం అనిపించింది. అంతలో సమోసాలు వచ్చాయి.

అక్టోబరు పదిన ఈ జవాబులన్నీ డాక్టర్ జ్యోత్స్న టీమ్‌కి అప్పగిస్తాం. వాటితో నేర్చుకున్న ప్రోగ్రాము ముందు మన్యంలో ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు ఖాళీగా ఉన్న పదహారు పిహెచ్‌సిలకి వెళుతుంది. నా కన్ఫర్మేషను అదేరోజు. అమ్మా నాన్నా ఎంత ఎదురుచూస్తున్నారో నీకు తెలుసు. దయచేసి ఇక ఈ విషయం రాయకు.

ఉమాశ్రీ


ప్రగతి నగర్,
9 సెప్టెంబరు

ఉమా,

రాయొద్దన్నావు. ఇదొక్కటీ రాస్తాను.

నిన్న ఆట తెరిస్తే దోమ కళ్ళనీళ్ళు పెట్టుకుని కనబడింది. నా జవాబులు ఇతర ఆటగాళ్ళతో సరిపోలడంలేదు గనుక నా ఖాతాని విశ్రాంతిలో ఉంచారట. గవర్నమెంటు యాభై ఎనిమిదేళ్ళకి ఇచ్చింది విశ్రాంతి, మీరు అరవైనాలుగుకి మళ్ళీ ఇచ్చారు. మీ మావయ్య "పీడా పోయింది, యావరేజి లేస్తుంది" అన్నారు. దానికి నాకు కోపం లేదు.

రెండువేల మూడు ఆగస్టు. నేనున్న పిహెచ్‌సి మన్యం లోపల, బస్సు దిగి నాలుగు కిలోమీటర్లు నడవాలి. ఆ నెల ఊళ్ళకి ఊళ్ళు జ్వరాలతో పడుకున్నాయి. ఒకరోజు అరవై ఒక్క స్లైడులు వచ్చాయి. అరవై చూశాను. ఆఖరిది చేతిలోకి తీసుకునేసరికి నాలుగున్నర. ఐదున్నరకి ఆఖరి బస్సు. కళ్ళు మండుతున్నాయి. పన్నెండు గళ్ళు చూశాను. పన్నెండింటిలోనూ ఏమీ లేదు. "లేదు" అని రాసి సంతకం పెట్టి బస్సెక్కేశాను.

నాలుగోరోజు ఆ స్లైడు తాలూకు మనిషిని, ఒకామెని, మంచంమీద మోసుకొచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయి. జ్వరం మెదడుకెక్కింది. మా వరండాలోనే ప్రాణం పోయింది. అందరూ వెళ్ళాక పాత స్లైడు వెతికి తీసి మళ్ళీ పెట్టి చూశాను. పదిహేడో గడిలో ఉంది.

నన్నెవరూ అడగలేదు. మన్యంలో జ్వరంతో పోతే అడిగేవాళ్ళు తక్కువ. ఆమె పేరు నాకు గుర్తుంది, రాయను. ఈ సంగతి మీ మావయ్యకి తెలీదు, మీ నాన్నకి తెలీదు. ఇరవై రెండేళ్ళలో నీకే చెబుతున్నాను. నేను బాధ్యతగల ఉద్యోగినని నా రిటైర్‌మెంటు సభలో శాలువా కప్పారు. కప్పుతుంటే నాకు పదిహేడో గడే కనబడింది.

ఆ తర్వాత వంద గళ్ళు చూడకుండా ఒక్క "లేదు" రాయలేదు. నాకు భయం ఉంది గనుక చూశాను. మీరు తయారుచేసేదానికి భయం ఉండదు. మా క్లబ్‌హౌస్‌లో నేర్చుకున్న చదువుతో అది పదహారు ఊళ్ళకి వెళ్ళి, ఒక్క గడి చూసి, లేదని చెప్పేస్తుంది. దాన్ని మళ్ళీ చూడమనేవాళ్ళు అక్కడ ఉండరు. ఉంటే దాన్ని పంపేవాళ్ళే కాదు.

ఎవరు తీశారన్నది ముఖ్యం కాదని రాశావు. సంతకం ఎవరిదన్నది ముఖ్యమే తల్లీ.

అత్తయ్య


లింగంపల్లి,
30 సెప్టెంబరు

అత్తయ్యా,

తీసింది నేనే.

పెట్టిందీ నేనే. పదో స్లైడు ఆలోచన నాది. దాన్ని పెట్టినవాళ్ళు బుద్ధిమంతులని నువ్వు రాసిన ఉత్తరం ఇప్పటికీ నా బ్యాగులో ఉంది. పది రోజుల తర్వాత ప్రశాంత్ తీసెయ్యమన్నాడు. ఒక్క బటను. అదీ ఆటలాగే ఉంది, ముప్పై సెకన్లు కూడా పట్టలేదు. నీ కళ్ళమీద అనుమానపడుతూ ఉత్తరం రాసినప్పుడు నీ కళ్ళు బాగానే ఉన్నాయని నాకు తెలుసు. అది రాస్తుంటే సిగ్గేసింది, అయినా రాశాను.

నీ ఉత్తరం ఇరవై రోజులు పెట్టుకుని తిరిగాను. మొన్న ప్రశాంత్ దగ్గరికి వెళ్ళి ఇది తప్పుల కుప్ప అని చెప్పాను. అతను కడప మనిషి, కోప్పడకుండా ఓపిగ్గా విన్నాడు. "నువ్వు చెప్పేది కరెక్టే పాపా. ఇప్పుడు మాత్రం కెలకొద్దు. ఇచ్చేసినాంక ఫేజ్ టూలో సరిచేసుకుందాంలే" అన్నాడు. ఫేజ్ టూ ఎప్పుడని అడిగాను. ఫేజ్ వన్ సక్సెస్ అయితే అన్నాడు.

అందుకని డాక్టర్ జ్యోత్స్నకి నేనే ఫోన్ చేశాను. ఆవిడకి మేము పంపుతున్నది ఏకాభిప్రాయం శాతం ఒక్కటే. డాక్టర్ల స్లైడులు తీసేశామని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఎప్పుడు తీశామో తారీఖు అడిగి రాసుకున్నారు. తర్వాత, ఎవరూ చూడని కొత్త స్లైడులు రెండువందలు, తను స్వయంగా చదివినవి, పంపుతానన్నారు. అందులో నలభై పాజిటివ్‌లు.

శనివారం, నాలుగో తారీఖున, వాటిని ఆటలో పెడుతున్నాను. ఆ ఒక్కరోజు నెగటివ్ మార్కింగ్ ఉంటుంది. కిందటి ర్యాంకులు ఉండవు. మార్పు చేసినవాళ్ళ పేరు రాసేచోట నా పేరే రాశాను. నీ విశ్రాంతి కూడా తీసేశాను. ఆడు.

నీ
ఉమ


ప్రగతి నగర్,
6 అక్టోబరు

బంగారుతల్లికి,

మా అపార్ట్‌మెంట్లో భూకంపం. గేటు దగ్గర ఫ్లెక్సీ దించేశారు.

శనివారం పొద్దున్న ఆరింటికి క్లాసు. ఏడింటికల్లా అందరికీ మైనస్ మార్కులు. రెండువందల స్లైడులూ "లేదు" అని ముప్పావుగంటలో ముగించి ఫలహారాలకి కూర్చున్న ర్యాంకర్లందరూ ఇడ్లీ వదిలేసి లేచారు. పేపరు మారిందని ఒకరు, సర్వరు డౌనని ఒకరు. అసోసియేషను అత్యవసర సమావేశం పెట్టి గ్రేసు మార్కులు కోరుతూ తీర్మానం చేసింది. అవి రాకపోతే రీ-ఎగ్జామ్ పెట్టాలట. మీ మావయ్య దానికింద సంతకం పెట్టొచ్చి, తలుపు దగ్గర నిలబడి, "నీదెంత" అన్నారు. ఒకటో ర్యాంకని చూపించాను.  లోపలికెళ్ళి కాఫీ తనే కలుపుకొచ్చారు, పెళ్ళయిన ముప్పైతొమ్మిదేళ్ళలో మొదటిసారి. పంచదార వెయ్యడం మర్చిపోయారు, తాగేశాను.

సాయంత్రం సీతారామాంజనేయులుగారు మా ఇంటికొచ్చారు. ఇరవై ఎనిమిదేళ్ళలో తన బ్యాచ్ ఎప్పుడూ ఇలా దెబ్బతినలేదన్నారు. మనిషి నిజంగా కుంగిపోయారు, నాకూ జాలేసింది. స్లైడు పెద్దది చేసి ఉంగరం చూపించాను. చాలాసేపు చూశారు. "ఇది ఉంటుందాండి నిజంగా" అన్నారు. మూడు నెలల్లో ఆయన ఒక్కటి కూడా చూడలేదు. వంద గళ్ళ సంగతి చెప్పాను. శ్రద్ధగా రాసుకుని, పెన్ను మూసి అడిగారు: "వందలో ముఖ్యమైనవి ఓ ఇరవై చెప్పండి. మిగతావి చాయిస్‌లో వదిలేద్దాం."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రేపు పొద్దున్న క్లాసుకి నన్ను రమ్మన్నారు. వెళతాను. ఇరవై గళ్ళు అడిగినవాడిచేత వంద చూపిస్తాను, ఏమవుతుందో చూద్దాం.

నీ ఉద్యోగం ఏమైందో రాయి. నాకు నిద్రపట్టడంలేదు.

అత్తయ్య


లింగంపల్లి,
21 అక్టోబరు

అత్తయ్యా,

అప్పగింత ఆగిపోయింది. మా ఆట ఆడే వేలమంది కలిసి నలభై పాజిటివ్‌లలో ఏకాభిప్రాయంతో పట్టుకున్నవి మూడు. డాక్టర్ జ్యోత్స్న ఆ అంకె చూసి, జూలైనుంచి వచ్చిన జవాబులన్నీ పక్కన పెట్టించేశారు. పదహారు పిహెచ్‌సిలకి ఏదీ వెళ్ళడంలేదు. డాక్టర్ల స్లైడులు మళ్ళీ వచ్చాయి, ఈసారి ఆవిడ షరతుమీద.

పదో తారీఖు మీటింగులో ప్రశాంత్ దీన్ని ముందే అనుకుని చేసిన క్వాలిటీ డ్రిల్ అని ప్రకటించాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. గ్రాఫ్ మళ్ళీ పైకి లేచింది, దానికీ సమోసాలు వచ్చాయి. నా ప్రొబేషను ఇంకో ఆర్నెల్లు పొడిగించారు. కారణం "టీమ్ స్పిరిట్ మెరుగుపడాలి" అని రాశారు. కిరీటం పెట్టుకున్న దోమ బొమ్మ ఒకటి బహుమతిగా ఇచ్చారు. నాన్న మూడు రోజులు మాట్లాడలేదు, ఇప్పుడు మాట్లాడుతున్నారు. నేను బాగానే ఉన్నాను. నిజంగానే.

నీకు శాలువా కప్పుతారట. సూపర్ హంటర్ అని బిరుదు.

ఇంకోమాట. డాక్టర్ జ్యోత్స్న నువ్వు విశ్రాంతికి ముందు చూసిన ఆరువందల నలభై స్లైడులూ స్వయంగా మళ్ళీ చదివారు. నూటపదిహేడింట్లో నువ్వు "ఉంది" అన్నావు. నూట ఎనిమిది సరైనవి. తొమ్మిదింట్లో అది రంగు మరక. ఇంత బాగా చదివేవాళ్ళు తన సంస్థలోనే లేరన్నారు.

ఒక్కదాంట్లో నువ్వు "లేదు" అన్నావు. ఉంది. తొంభైమూడో గడిలో. ఇది రాయాలా వద్దా అని రెండుసార్లు చింపి రాశాను. నువ్వైతే నాకు రాస్తావు గనుక రాస్తున్నాను. ఆ స్లైడు చూసినవాళ్ళలో "ఉంది" అన్నది ఒక్కరే. మీ నాలుగో అంతస్తు ఆవిడ ఫోను, ఆగస్టు మొదట్లో. ప్రింటు ఇందులో పెట్టాను.

ఉమ


ప్రగతి నగర్,
27 అక్టోబరు

ఉమా,

ప్రింటు అందింది. తెరవడానికి ఒకరోజు పట్టింది. నాలుగో అంతస్తు ఆవిడకి ఆ రోజుల్లో ఫోను పట్టుకునే తీరికే లేదు, వరలక్ష్మీవ్రతం పనుల్లో ఉంది. ఆ ఫోను ఎవరి బుట్టలో ఉందో నాకు తెలుసు.

ఇవాళ మధ్యాహ్నం యాదమ్మని కుర్చీలో కూర్చోబెట్టాను. కూర్చోనంది, బలవంతాన కూర్చోబెట్టాను. తొంభైమూడో గడి అని చెప్పకుండా కాగితం చేతికిచ్చాను. నేనూ భూతద్దం పెట్టి చూస్తున్నాను. వరసలన్నీ అయిపోయాయి, నాకు కనబడలేదు. అది ఒకచోట వేలు పెట్టి ఆగింది. "గీడనే ఉంది గదమ్మా" అంది. అంచున, సగం ఉంగరం. నన్ను తిట్టినట్టు కాదు, ఓదార్చినట్టు అంది.

ఉంది.

మావయ్యకి ఇందాక పదిహేడో గడి సంగతి చెప్పేశాను. విని చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

శాలువా నాకొద్దు. మీ ప్రశాంత్‌కి చెప్పు, కప్పాలనుకుంటే యాదమ్మకి కప్పమను. అది బుట్టలో ఫోన్లతో సేవ చేసినన్ని గంటలు మీ పదకొండో అంతస్తు మొత్తం చేసి ఉండదు. దాని పేరుమీద ఒక ఖాతా తెరిపించు, దాని సొంత ఫోనులో. అది అడిగింది.

ఇంకొకటి డాక్టరమ్మకి చెప్పు. వంద గళ్ళు చూసినా ఒక్క మనిషి చాలదు. ఇద్దరు చూడాలి, ఒకరి జవాబు ఒకరికి కనబడకుండా. ఇద్దరూ కలవకపోతే మూడోవాళ్ళు చూడాలి. ముప్పై ఒక్క ఏళ్ళు నేను ఒక్కదాన్నే కూర్చున్నాను, నా పక్కన ఇంకొకరు ఉండాల్సిందని ఇవాళ తెలిసింది.

క్లాసుకి ఇప్పుడు తొమ్మిదిమంది వస్తున్నారు, మూడువందల పదకొండుమందిలో. సీతారామాంజనేయులుగారు అరవై గళ్ళదాకా వచ్చారు.

శనివారం రా. మామిడికాయలు దొరకవు, దోసకాయ పప్పు చేస్తాను. ట్రాఫిక్ అంటే ఊరుకోను.

అత్తయ్య